ఎండను తూచిన అన్నా మణి

మా అత్తగారి ఊరు జమ్మలమడుగు దాటాక వచ్చే ఓ పల్లె. ఇల్లు పాతకాలం మట్టి మిద్దె. రెండడుగుల మందం రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆ పైన నాపబండలు పరిచి జానెడున్నర మట్టి పోసి, దాని మీద చవుడు వేశారు. పడసాల నడుమ వెలుతురుకో గవాక్షి. వానొస్తే ఎవరో ఒకరు పరుగున మిద్దె ఎక్కి గవాక్షి మీద బండ మూయాలి. ఎంత మూసినా ఏదో ఒక మూల బొట్టు బొట్టు కారుతూనే ఉంటుంది. ఆ కారే చోట గిన్నె పెట్టుకోవడం మా అత్తకు అలవాటే గానీ, పెళ్లయిన కొత్తలో నాకది పెద్ద నామోషీగా ఉండేది.

ఆ మిద్దె పడగొట్టి స్లాబు వేద్దామని మా ఆయనా, మా మరిదీ అనుకున్నప్పుడు అందరికంటే ముందు తలూపింది నేనే. ఎండాకాలం నేను యాడ పండుకోవాల మ్మీ అని అత్త ఒక్క మాట అడిగింది. ఫ్యాను కింద పడుకుందువులే అత్తా అన్నాను. ఇంక ఆమె మాట్లాడలేదు.

పదో తరగతి చదువుతున్న మా వాడు మాత్రం ఊరుకోలేదు. ఏ ఇల్లు చల్లనో వాదించుకోవడం దేనికి, కొలిస్తే పోలా అన్నాడు. కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర రెండు గోడ థర్మామీటర్లు కొన్నాం. ఒకటి కర్నూల్లో మేముండే వాటాలో, అంటే నెత్తిన నేరుగా స్లాబు ఉన్న మేడ మీది హాల్లో తగిలించాం. రెండోది ఊళ్లో, పడమటి వసారాలో మేకు ఖాళీగా ఉంటే దానికి వేలాడదీశాం. మే నెల. సాయంత్రం నాలుగింటికి కర్నూల్లో 38, ఊళ్లో 43! మట్టి మిద్దె చల్లదనమంతా ముసలివాళ్ల భ్రమ అని మా ఆయన తేల్చేశారు. మేస్త్రీకి బయానా ఇవ్వడమే తరువాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను అన్నా మణి గురించి చదువుతున్నాను. 2022 ఆగస్టు 23న ఆవిడ 104వ పుట్టినరోజని గూగుల్ వాళ్లు బొమ్మ పెట్టినప్పుడు చూసి, కథకు పనికొస్తుందని పేరు డైరీలో రాసుకున్నాను. కథ అయితే రాయలేదు గానీ ఆవిడ జీవితం నా థర్మామీటరు దగ్గరికి వచ్చి నిలబడింది. అదెలాగో చెప్తాను.

అన్నా మణి 1918లో కేరళ కొండల్లోని పీర్‌మేడులో పుట్టారు. అప్పట్లో అది తిరువాన్కూరు సంస్థానం. తండ్రి సివిల్ ఇంజనీరు, పెద్ద ఏలకుల తోటలున్న ఆసామి. ఎనిమిది మంది పిల్లల్లో ఈవిడ ఏడో సంతానం. ఆ ఇంట్లో మగపిల్లలకు ఉద్యోగాల చదువు, ఆడపిల్లలకు పెళ్లి. ఇది మనకు తెలియని సంగతేం కాదు కదా! అక్కలు చిన్నవయసులోనే అత్తారిళ్లకు వెళ్లారు. ఈ పిల్ల మాత్రం పుస్తకాలు పట్టుకుంది. ఎనిమిదేళ్లకల్లా ఊరి గ్రంథాలయంలోని మలయాళ పుస్తకాలు దాదాపు అన్నీ చదివేసిందట. పన్నెండేళ్లకు ఇంగ్లీషువీ అయిపోయాయట.

ఆ ఇంటి ఆచారం ప్రకారం ఎనిమిదో పుట్టినరోజుకు ఆడపిల్లకు వజ్రాల కమ్మలు ఇవ్వాలి. అన్నా వాటిని వద్దంది. వాటికి బదులు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటాలు కొనిపెట్టమంది. కొనిపెట్టారు కూడా! ఆ తండ్రిని మెచ్చుకోవాలి. ఎనిమిదేళ్ల వయసులో నాకు కమ్మలిచ్చి ఉంటే నేనేం చేసి ఉండేదాన్నో మీకు చెప్పక్కర్లేదు.

అంతకు ముందే 1925లో వైకోం సత్యాగ్రహం కోసం గాంధీగారు ఆ ప్రాంతానికి వచ్చారు. ఆ ప్రభావంతో ఖద్దరు కట్టడం మొదలుపెట్టిన అన్నా జీవితాంతం ఖద్దరుతోనే ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నది మన వీధరుగుల మీద పెద్ద ప్రశ్నే గానీ, ఆవిడ దాన్నొక ప్రశ్నగా తీసుకున్నట్టే కనబడదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ఆనర్స్ చదివి 1939లో పట్టా పుచ్చుకున్నారు. 1940లో స్కాలర్‌షిప్పు వచ్చి బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్‌గారి ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆవిడకు ఇచ్చిన పని ఏమిటో తెలుసా? వజ్రాలు! చెవులకు వద్దన్న వజ్రాలు చేతికొచ్చాయి. ముప్పైకి పైగా వజ్రాలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి మీద వెలుగు పడితే అవి ఏయే రంగుల కాంతిని వెదజల్లుతాయో, దేన్ని మింగేస్తాయో ఫొటో పలకల మీద పట్టడం. మన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి వాన పడగానే జనం చంకన సద్దిమూట పెట్టుకుని వజ్రాల కోసం వంగి వంగి వెతుకుతుంటారే, వాళ్లకు రాయి దొరికితే ధర ఎంత అని చూస్తారు. ఈవిడ చూసింది ఆ రాయి వెలుగుతో ఏం చేస్తుందని. ఒక్కో పలక మీద గుర్తు పడాలంటే పదిహేను, ఇరవై గంటలు పట్టేది. రాత్రిళ్లు ప్రయోగశాలలోనే కునుకు తీసేవారు.

రామన్‌గారు తన దగ్గర ఆడపిల్లలను చాలా కొద్దిమందినే చేర్చుకున్నారు. చేర్చుకున్నా మగపిల్లలతో మాటా మంతీ ఒప్పుకునేవారు కాదు. తోటివాళ్లు కలిసి కూర్చుని కాఫీ తాగుతూ లెక్కలు చర్చించుకుంటుంటే ఆ చర్చల్లో ఆడపిల్లలకు చోటు ఉండేది కాదు. అయినా 1942–45 మధ్య ఒక్క తన పేరు మీదే ఐదు పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. 1945లో మద్రాసు యూనివర్సిటీకి పీహెచ్‌డీ గ్రంథం సమర్పించారు. ఎమ్మెస్సీ పట్టా లేదు కాబట్టి పీహెచ్‌డీ ఇవ్వం అన్నారు! ఆనర్స్ చదివి స్కాలర్‌షిప్పు మీద వచ్చిన మనిషిని, ఐదేళ్లు రాత్రీ పగలూ చేసిన పనిని, కాగితం ఒకటి తక్కువైందని పక్కన పెట్టేశారు. ఆ గ్రంథం రామన్ పరిశోధనా సంస్థ గ్రంథాలయంలో, పట్టాలొచ్చిన మిగతా గ్రంథాల పక్కనే, వాటిలాగే అట్ట కట్టి ఉంది. చూసేవాళ్లకు తేడా తెలియదు. నాకైతే ఇది చదివినప్పుడు గుండె కలుక్కుమంది. ఆవిడ మాత్రం దాన్ని పట్టుకుని కుమిలిపోలేదు. తనను అన్యాయానికి గురైన ఆడదానిగా చెప్పడం గానీ, వీరనారిగా చెప్పడం గానీ ఆవిడకు నచ్చేది కాదు.

అదే 1945లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద సైనికుల ఓడలో ఇంగ్లండు వెళ్లారు. వెళ్లింది ఫిజిక్స్ చదవడానికి. తీరా అక్కడ ఖాళీగా ఉన్నది వాతావరణ పరికరాల శిక్షణ ఒక్కటే. సరే అదే కానిమ్మన్నారు. వజ్రాల నుంచి వానకొలత డబ్బాల దగ్గరికి! మన ఆడవాళ్లకు ఇది కొత్తేం కాదు. అనుకున్నది ఒకటి, దొరికింది ఒకటి, దొరికినదాన్నే పట్టుకుని ఇల్లు కట్టుకోవడం.

1948లో తిరిగొచ్చి పుణేలో భారత వాతావరణ శాఖలో చేరారు. స్వరాజ్యం వచ్చిన కొత్త. థర్మామీటరు, గాలిపీడనం కొలిచే బారోమీటరు లాంటివి కూడా అంతదాకా బ్రిటన్ నుంచి దిగుమతి అవుతూ వచ్చినవే. ఎస్.పి. వెంకటేశ్వరన్ అనే అధికారి అవి మనమే చేసుకోవాలని వర్క్‌షాపు పెట్టారు. ఆయన తర్వాత 1953లో ఆ విభాగం అన్నా మణి చేతికొచ్చింది. ఆవిడ కింద పనిచేసింది 121 మంది మగవాళ్లు. సుమారు వంద రకాల పరికరాలకు కొలతలతో సహా పక్కా డ్రాయింగులు తయారు చేయించి, ఒక్కొక్కటీ ఇక్కడే తయారయ్యేలా చూశారు.

ఇక్కడ ఆవిడ పట్టుదల ఒకటి ఉంది. పరికరం తయారైతే చాలదు, అది నిజం చెప్తోందో లేదో ఇంకో నమ్మకమైన పరికరంతో పోల్చి చూడాలి. తప్పుడు కొలత కంటే అసలు కొలవకపోవడమే మేలన్నది ఆవిడ గట్టి నమ్మకం. కొలవనివాడికి తనకు తెలియదన్న సంగతైనా తెలుస్తుంది. తప్పుగా కొలిచినవాడు ఆ అంకె చేతిలో పట్టుకుని ధైర్యంగా తప్పు చేస్తాడు.

ఈ సంగతి చదువుతుంటే నాకు మా పడమటి వసారా గుర్తొచ్చి చెమటలు పట్టాయి! సాయంత్రం నాలుగింటికి ఆ వసారాలోకి ఏటవాలుగా ఎండ వస్తుంది. థర్మామీటరు మీదే నేరుగా పడుతుంది. దాని వెనక పొద్దుటి నుంచీ కాలిన గోడ. అది చెప్పిన 43 ఇంట్లో గాలి వేడి కానే కాదు, ఎండకు కాగిన థర్మామీటరు వేడి. వాతావరణ శాఖవాళ్లు థర్మామీటరును తెల్ల రంగు వేసిన, పక్కలకు గాలి ఆడే చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టేది ఇందుకే. మేము ఒక ఇంటి నడిబొడ్డును ఇంకో ఇంటి ఎండ వసారాతో పోల్చి, ఆ అంకెతో డెబ్బై ఏళ్ల మిద్దెను పడగొట్టబోయాం.

ఆవిడ కథకే వస్తాను. 1957–58లో ప్రపంచ దేశాలన్నీ కలిసి అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిపాయి. ఆ సందర్భంగా మన దేశంలో నేల మీద ఎంత ఎండ పడుతోందో కొలిచే కేంద్రాలను వరుసగా ఏర్పాటు చేసింది అన్నా మణి. ఎండను కొలవడమేమిటి అంటారా? వేడిని కొలవడం వేరు, ఎండను కొలవడం వేరు. పైరనోమీటరు అని ఒక పరికరం ఉంటుంది. గాజు బుడగ కింద నల్లటి పలక. ఎండ పడితే ఆ పలక వేడెక్కుతుంది, ఆ వేడికి సన్నటి కరెంటు పుడుతుంది, ఆ కరెంటును బట్టి ఎంత ఎండ పడిందో చెప్పొచ్చు. మొదట్లో బయటి దేశాల నుంచి తెప్పించారు. తర్వాత అవి కూడా ఇక్కడే చేయించారు.

మబ్బు లేని మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేల మీద పడే ఎండ సుమారు వెయ్యి వాట్లు. అంటే మనం బట్టలకు వాడే ఇస్త్రీ పెట్టె ఒకటి. వంద చదరపు మీటర్ల డాబా ఉందనుకోండి, నెత్తిన వంద ఇస్త్రీ పెట్టెలు పెట్టినట్టు! అదంతా లోపలికి రాదు లెండి. కొంత తిరిగి పైకి పోతుంది, కొంత గాలి లాగేస్తుంది. ఏప్రిల్ ఆఖర్లో కడపకు, మే మొదటి వారంలో కర్నూలుకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు దక్షిణపు గోడకు పడే ఎండ తక్కువ. ఎండంతా పైకప్పుకూ, పొద్దున తూర్పు గోడకూ, సాయంత్రం పడమటి గోడకూ. ఇల్లు కట్టేవాడికి ఈ లెక్క తెలియాలంటే ఏ ఊళ్లో ఏ నెలలో ఏ గంటకు ఎంత ఎండ పడుతుందో అంకెలుండాలి. 1976లో రిటైరయ్యాక ఆవిడ ఏళ్ల తరబడి పోగైన ఆ కొలతలను కూర్చి 1980లో భారతదేశపు సౌరవికిరణ సమాచార కరదీపికగా వెలువరించారు. కథలు, కవితలు లేని ఉత్త అంకెల పుస్తకం. ఇంజనీర్లకు మాత్రం అదొక నిఘంటువు. ఎండతో నీళ్లు కాచేవాళ్లకూ, కరెంటు తీసేవాళ్లకూ, ఇంట్లోకి వేడి ఎంత వస్తుందో లెక్క కట్టేవాళ్లకూ అలాంటి అంకెలే ఆధారం.

మధ్యలో చేసిన పనులు ఇంకా చాలా ఉన్నాయి. విక్రం సారాభాయ్ అడిగితే తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలన ఏర్పాట్లు చేశారు. ఓజోన్ పొర గురించి జనం మాట్లాడుకోని రోజుల్లోనే దాన్ని కొలిచే పరికరాన్ని బెలూనుకు కట్టి పంపే పద్ధతి ఇక్కడ తయారు చేయించారు. రిటైరైన తర్వాత గాలి మీద పడ్డారు. దేశంలో 700కు పైగా చోట్ల గాలివేగం కొలిపించారు. బెంగుళూరులో సొంతంగా ఒక చిన్న కర్మాగారం పెట్టి గాలి, ఎండ కొలిచే పరికరాలు తయారు చేశారు. అరవై దాటిన ఒంటరి ఆడమనిషి! మన ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గుట్టల్లో 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. అటు వెళ్తూ బస్సు కిటికీలోంచి ఆ పలకల సముద్రం చూసినప్పుడల్లా నాకు గాజు బుడగ కింది ఆ చిన్న నల్ల పలక మనసులో మెదులుతుంది.

ఇక మా ఇంటి సంగతి. ఆవిడ పద్ధతిలోనే మళ్లీ మొదలుపెట్టాం. ముందు రెండు థర్మామీటర్లనూ ఒక రాత్రంతా పక్కపక్కన ఉంచాం. ఒకటి రెండోదాని కంటే డిగ్రీ ఎక్కువ చూపించింది! ఆ డిగ్రీ తీసేసి లెక్క రాసుకున్నాం. రెండిళ్లలోనూ నడి హాల్లో, గోడకు తగలకుండా, పైనుంచి దారం కట్టి, నాలుగడుగుల ఎత్తున వేలాడదీశాం. పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి చూడటం. ఊళ్లో చూసేది మా అత్త. చత్వారం అద్దాలు పెట్టుకుని చూసి ఫోన్లో చెప్పేది.

పది రోజులు. సాయంత్రం నాలుగింటికి కర్నూలు స్లాబు కింద 39, ఊళ్లో మిద్దె కింద 34. రాత్రి తొమ్మిదింటికి ఊళ్లో అదే 34, మా దగ్గర 38! పొద్దున్నే చూస్తే తేడా రెండు డిగ్రీలే. నాలుగైదు అంగుళాల స్లాబును వేడి దాటడానికి మూడు నాలుగు గంటలు చాలట. అడుగు మందం మట్టిని దాటాలంటే తొమ్మిది, పది గంటలు పడుతుందట. మధ్యాహ్నం నెత్తిన పడ్డ ఎండ సాయంత్రానికల్లా స్లాబులోంచి దిగుతుందన్న మాట. మట్టి మిద్దెలో అది దిగేసరికి బయట చల్లబడి, తలుపులు తీసుకుంటే పోతుంది. మాది శాస్త్రవేత్తలు ఒప్పుకునే పరీక్ష కాదని నాకూ తెలుసు. రెండూ వేర్వేరు ఊళ్లు, గోడలు వేరు, కిటికీలు వేరు. కానీ ఈజిప్టులో హసన్ ఫతీ అనే వాస్తుశిల్పి చూపిన లెక్క ఒకటుంది. 1964 మార్చిలో కైరోలో ఒకేచోట రెండు గదులు కట్టి కొలిచారు. మట్టి ఇటుకల గదిలో ఇరవై నాలుగు గంటల్లో వేడి 21, 23 డిగ్రీల మధ్యే ఉందట. కాంక్రీటు పలకల గదిలో 36 దాకా ఎక్కిందట. బయటి గాలి కంటే తొమ్మిది డిగ్రీలు ఎక్కువ!

మన దేశంలోనూ 2018లో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అని నియమావళి వచ్చింది. బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే పైకప్పు చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడిని దాటనివ్వకూడదని అందులో హద్దు పెట్టారు. పైన ఏమీ కప్పని ఉత్త స్లాబు ఆ హద్దుకు ఎంతో దూరంలో ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం కూడా ఇలాంటిదే. డాబాకు తెల్లగా సున్నమో, తెల్ల పెంకులో వేయించినా ఎండ కొంత తిరిగి పైకే పోతుంది. మా ఇంటి ఓనరుగారిని అడిగి మేమూ సున్నం కొట్టించాం.

మట్టి మిద్దెను మరీ ఆకాశానికెత్తడం నాకిష్టం లేదు. పట్నంలో ఏసీ గదుల్లో కూర్చుని మట్టి ఇళ్ల గొప్ప చెప్పేవాళ్లు ఏటా చవుడు మోయరు, దంతెల్లో చెదలు దులపరు, సందుల్లోంచి దిగే తేళ్లతో వేగరు, కారే చోట గిన్నె పెట్టరు. ఆ పనులన్నీ ఇంట్లో ఆడవాళ్లవే. అందుకే మా అత్తతో కూర్చుని మాట్లాడాను. ఆమెకు కావలసిందేమిటో మేమెవ్వరం అప్పటిదాకా అడగనే లేదు. వంటింటికీ స్నానాల గదికీ స్లాబు, పడసాలకు మాత్రం మిద్దె ఉండనియ్యమంది. మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉండి, లెక్కల నోటుబుక్కు ఇంకోసారి తిరగేసి సరేనన్నారు. చవుడు తోలే మనిషి దొరకడానికి నెల పట్టింది. ఇద్దరు ముసలివాళ్లకే ఆ పని వచ్చు. వాళ్ల తర్వాత ఎవరన్న దానికి మా దగ్గర జవాబు లేదు.

అన్నా మణికి 1994లో పక్షవాతం వచ్చింది. చెట్లూ పిట్టలూ చూస్తూ కొండలెక్కి తిరిగిన మనిషి కదలలేని స్థితికి వచ్చారు. 2001 ఆగస్టు 16న, 83వ పుట్టినరోజుకు వారం ముందు, తిరువనంతపురంలో కన్నుమూశారు.

మా అత్త థర్మామీటరు తిరిగి ఇవ్వలేదు. పడసాల నడుమ దారానికి అది ఇంకా వేలాడుతూనే ఉంది. మే వస్తే రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి ఆమె అంకె చెప్తుంది, నేను మాది చెప్తాను.